శ్రుతిపెట్టె ఈడ లేదు సార్

తిరుపతి,
2 జూన్ 2024

చిరంజీవి కల్యాణవల్లికి అన్న దేవనాథన్ ఆశీస్సులు.

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరికేమైందోనని కంగారుపడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. మీ వదిన రంగనాయకి కూడా బాగానే ఉంది, నాతో మాటలు తగ్గించింది, అంతే. అసలు సంగతేమిటంటే ఇకమీదట నాకు ఫోను చెయ్యకు. ఏదున్నా ఉత్తరం రాయి. ఆ ఫోను చెవికి ఆనించగానే చిరాకు పుట్టుకొస్తోంది. నువ్వు చూస్తే మాటల చివర్లు మింగేస్తావు. నీ అక్షరాలకు ఆ జబ్బు లేదు, ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసిన చెయ్యి కదా.

మరో మాట. మన మిద్దె మీద అద్దెకున్న సంగీతం టీచరు లోకేశ్వరి ఇల్లు ఖాళీ చేసింది. నీ బడిలో పనిచేసిన మనిషి, నువ్వు చెబితేనే ఇల్లిచ్చాను కాబట్టి నీకు తెలియాలని రాస్తున్నాను. వాళ్ళమ్మ సుబ్బులమ్మకు సొంత ఊరి గాలి పడితే మంచిదట. తల్లీ కూతుళ్ళిద్దరూ వడమాలపేటకు వెళ్ళిపోయారు. మంచివాళ్ళే. మూడేళ్ళున్నారు.

నువ్వు చెప్పిన మోకాళ్ళ నొప్పి మాత్రలు బాగానే పని చేస్తున్నాయి. రోజుకు రెండు చాలక నాలుగు వేసుకుంటున్నాను. గుడిలో పాశురాల గోష్ఠికి రోజూ వెళుతున్నాను. ఇప్పటికీ మొదటి వరుసే, ఇప్పటికీ ఎత్తుకునేది నేనే. ఇంట్లో మాత్రం ప్రశాంతత లేదు. వీధి నిండా మోటార్లు, ఇన్వర్టర్లు. కాసేపు కళ్ళు మూసుకుందామంటే కుదరదు.

పద్మనాభ్ బావను అడిగానని చెప్పు. వెంటనే జవాబు రాయి.

మీ అన్న,
దేవనాథన్


చిత్తూరు,
8 జూన్ 2024

అన్నకు, వదినకు కల్యాణవల్లి నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం సహించలేదు. ఫోను చెయ్యవద్దన్నావు. నేనేం తప్పు చేశానో అది కూడా రాసి ఉంటే బాగుండేది. నాయన తిథికి రాలేదనా? ఆ రోజు పరీక్షల డ్యూటీ అని వదినతో ముందే చెప్పాను. మాటల చివర్లు మింగేస్తానని ఇన్నేళ్ళలో నన్ను ఒక్క పిల్లాడు కూడా అనలేదు. వెనక బెంచీ వాడికి కూడా వినబడే గొంతు నాది. నీకే వినబడకపోతే అది వినాలనిపించకపోవడమే.

లోకేశ్వరి ఇల్లు మారిన సంగతి నీ ఉత్తరంలోనే చూశాను. వారం వారం నాతో మాట్లాడే మనిషి, ఆ ఒక్క మాట నోరు జారనివ్వలేదు. సుబ్బులమ్మకు తిరుపతి గాలి పడలేదంటే నేను నమ్మను. అక్కడికి వెళ్ళాకే ఆమె ఆయాసం తగ్గింది.

అన్నా, వెళ్ళేముందు లోకేశ్వరి నీతో ఏమైనా చెప్పిందా? చెప్పి ఉంటే దాచకుండా రాయి. నీకు కోపం వచ్చే సంగతే. వేరేవాళ్ళ నోట వినే బదులు నేనే చెప్పి ఉండాల్సింది. ధైర్యం చాలలేదు.

మాత్రలు రోజుకు నాలుగేమిటి? మీ బావకు డాక్టరు రోజుకు ఒకటే, అదీ వారం రోజులే వాడమన్నాడు. వెంటనే మానెయ్యి. బస్సులో మామిడిపండ్లు పంపుతున్నాను. నా మీద కోపం పండ్ల మీద చూపించకు.

నీ చెల్లెలు,
వల్లి


తిరుపతి,
14 జూన్ 2024

వల్లీ,

పండ్లు అందాయి. నాలుగు నలిగాయి, మిగతావి తేనె.

అయితే లోకేశ్వరి నీకు మొత్తం చెప్పేసిందన్నమాట. చెప్పి, నాకు కోపం వస్తుందని నీచేత మర్యాదగా రాయిస్తోంది. సరే, ఆమె వైపు విన్నావు కాబట్టి నా వైపు కూడా విను.

శివరాత్రి నాటి నుంచి ఆమె శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది. పాఠం చెప్పేది సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా. పెట్టె మాత్రం తెల్లారి, మధ్యాహ్నం, నేను భోజనానికి కూర్చున్నప్పుడు, సంధ్యావందనం చేసేటప్పుడు కూడా మోగుతూనే ఉంటుంది. సన్నగా, ఒకే స్వరం మీద, 'ఈ' అని. ఒకసారి మర్యాదగా చెప్పాను. "సరే సార్, తగ్గిస్తాను" అంది. తగ్గలేదు. ఉగాది వెళ్ళాక మళ్ళీ చెప్పాను. "ఇప్పుడు పెట్టె వాడడం లేదు సార్" అంది. నా చెవులతో నేను వింటూ ఉంటే వాడడం లేదట!

నా చెవి సంగతి నీకు తెలుసు. అచ్చాఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు మిషన్ హాలు ఫోర్‌మన్‌ని. గేటు బయట సైకిలు దిగుతూనే ఏ మిషన్లో ఏ రోలరు ఎండిపోయిందో చెప్పేవాణ్ణి. ఇంజనీర్లు విప్పి చూసి నా మాటే నిజమనేవారు. అలాంటి చెవికి ఒక పెట్టె మోగుతోందో లేదో తెలియదా?

మే నెల మొదట్లో ఓర్పు నశించింది. పాఠం జరుగుతుండగా మిద్దె ఎక్కాను. ఎనిమిది మంది పిల్లలు, తీసుకుపోవడానికి వచ్చిన ఒకరిద్దరు తల్లులు కూడా ఉన్నారు. లోకేశ్వరి నోటితోనే 'సా' పట్టి పాడిస్తోంది. శబ్దం మాత్రం నాకు స్పష్టంగా వినబడుతూనే ఉంది. "పెట్టె యాడ దాచినావమ్మా?" అని అడిగాను. "ఈడ లేదు సార్, వేరే వాళ్ళ దగ్గర ఉండాది" అంది. ఎవరి దగ్గరంటే తల వంచుకుంది. తప్పు లేనివాళ్ళు తల వంచుకుంటారా? నేనే వెతికాను. బియ్యం డబ్బా, దేవుడి అలమర, మంచం కింద సుబ్బులమ్మ ట్రంకుపెట్టె. ఎక్కడా దొరకలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. పది రోజుల్లో వెళ్ళిపోయారు.

ఇంకొకటి కూడా చెబుతాను, ఆమె మొండితనం నీకు అర్థమవుతుంది. వాళ్ళు వెళ్ళి నెలైంది. పెట్టె ఇంకా మోగుతోంది. అటక మీదో గోడ సందులోనో దాచిపెట్టి పోయింది. కరెంటు పనిచేసే మునికుమార్‌ను పిలిచి మిద్దె మీద ఫ్యూజులన్నీ పీకించాను. అయినా ఆగలేదు. బ్యాటరీ పెట్టి ఉంటుంది.

నా మీద ఆమె ఏం చెప్పిందో రాయి. ఒక్కొక్కటే జవాబిస్తాను.

అన్న


చిత్తూరు,
18 జూన్ 2024

అన్నా,

లోకేశ్వరి నాకు ఏమీ చెప్పలేదు. మొత్తం నువ్వే చెప్పావు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ఆ పెట్టె నా దగ్గర ఉంది.

ఉగాది నుంచి నా వంటింట్లో, కుక్కర్ పక్క అరలో ఉంది. నువ్వు సుబ్బులమ్మ చీరల్లో చెయ్యి పెట్టి వెతికిన రోజు కూడా ఇక్కడే ఉంది. "మీ అన్నకు సద్దు పడలేదంట అక్కా, కొన్నాళ్ళు నీ దగ్గరే పెట్టుకో, నీకూ పనికొస్తాది" అని లోకేశ్వరే బస్సెక్కి వచ్చి ఇచ్చి వెళ్ళింది. నీ మనశ్శాంతి కోసం ఆ పిల్ల తన పెట్టె వదులుకుంది.

ఎవరి దగ్గరుందో చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నది నేను. ఎందుకో విను. నేను పాట నేర్చుకుంటున్నాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, వంటింటి తలుపు వేసుకుని, ఫోన్లో ఆమె చెబుతుంటే సరళీ స్వరాలు పాడుతున్నాను. నీకు తెలియకూడదనుకున్నాను. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ధనుర్మాసంలో ఇంటి నిండా బంధువులుండగా పాశురం ఎత్తుకున్నాను. నువ్వు మధ్యలో చెయ్యెత్తి ఆపి, "శ్రుతిలో లేదు. నువ్వు పూలు కట్టు చాలు" అన్నావు. అందరూ నవ్వారు. మన ఇంట్లో నీ చెవికి ఎదురు లేదు కాబట్టి నేనూ నమ్మాను. నలభై నాలుగేళ్ళు పూలు కట్టాను. పోయిన ఏడాది బడి వార్షికోత్సవానికి నేను పిల్లలకు పాట చెప్పిస్తుంటే, తిరుపతి నుంచి మమ్మల్ని చూడవచ్చిన లోకేశ్వరి విని, "అక్కా, నీ గొంతు ఎంత నిలకడగా ఉండాది!" అంది. ఆ మాటకు ఇంటికొచ్చి ఏడ్చాను.

నువ్వు మళ్ళీ నవ్వుతావని భయపడి నోరు నొక్కాను, నాది కాదు, ఆమెది. ఆమె ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి ఎనిమిది మంది పిల్లల ముందు తల వంచుకుని నిలబడింది. నీకు ఎంత సిగ్గుచేటో నాకూ అంతే. ఎక్కువే అనుకో, ఎందుకంటే నువ్వు తెలియక చేశావు.

మా వీధిలో పాల్ అని రిటైరైన డ్రైవరున్నాడు. ఆయన చెవిలో పగలూ రాత్రీ ఈల మోగుతుందట, బయట ఏమీ లేకుండానే. నీకు వినబడేది ఏమిటో నేను చెప్పలేను. లోకేశ్వరి పెట్టె మాత్రం కాదు. వెళ్ళి చెవి చూపించుకో.

వల్లి


తిరుపతి,
3 జూలై 2024

వల్లీ,

పదిహేను రోజులు కలం పట్టలేకపోయాను. పట్టినా 'చిరంజీవి' దగ్గరే ఆగిపోయింది.

నీ మాట మొదట నమ్మలేదు. చెల్లెలు స్నేహితురాల్ని వెనకేసుకొస్తోంది అనుకున్నాను. పరీక్ష చేద్దామని చంద్రగిరికి బస్సెక్కాను. కోటలో రాజమహల్ వెనక, మనిషి అలికిడి లేని చోట గడ్డిలో కూర్చున్నాను. అక్కడ మోటారు లేదు, తీగ లేదు. రెండు నిమిషాలు బాగానే ఉన్నట్టనిపించింది. ఆ తర్వాత విన్నాను. అదే 'ఈ'. మన మిద్దె మీద మోగినదే, ఇంకా గట్టిగా. నాతోపాటు టికెట్ కూడా తీసుకోకుండా బస్సెక్కి వచ్చింది. రెండు చెవులూ మూసుకుంటే మరీ పెరిగింది. అక్కడే కూర్చుండిపోయాను. సుబ్బులమ్మ ట్రంకుపెట్టె మూత నా కళ్ళ ముందు అలాగే తెరుచుకుని ఉంది.

మర్నాడు రంగనాయకిని వెంటబెట్టుకుని చెవి డాక్టరు హేమశ్రీ దగ్గరికి వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను హుషారుగా నొక్కాను. మధ్యలో చాలాసేపు ఏమీ రాలేదు, మిషన్ చెడిందేమో అనుకున్నాను. బయటికొచ్చాక తెలిసింది, ఆ సేపంతా శబ్దాలు వస్తూనే ఉన్నాయట. గ్రాఫు చూపించింది. గీత సగం దాకా తిన్నగా వచ్చి, సన్నని శబ్దాల దగ్గరికి రాగానే కిందికి జారిపోయింది.

"మిషన్ల కాడ పనిచేసినారా సార్?" అని అడిగింది. చెప్పాను. "చెవులకు ఏమన్నా పెట్టుకొనేవాళ్ళా?" అంది. ఆఫీసు వాళ్ళు చెవిడబ్బాలు ఇచ్చారు వల్లీ. నేను వాటిని మిషన్ హ్యాండిలుకు తగిలించేవాణ్ణి. చెవులు మూసుకుంటే రోలరు మాట వినబడదు కదా అని గర్వం. నా కింద పనిచేసిన ధనంజయ దూది పెట్టుకుంటే అందరి ముందూ తిట్టి తీయించాను.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. పెద్ద శబ్దాలకు, వయసుకు లోపలి చెవి అరిగిపోతుంది. అరిగిన చోటు నుంచి శబ్దం రాకపోతే మెదడు ఊరుకోదు, తానే ఒకటి పుట్టించుకుంటుంది. కొందరికి గుబిలి అడ్డుపడినా, రక్తపోటు పెరిగినా, దిగులు పడినా, నిద్ర లేకపోయినా ఎక్కువవుతుందట. నొప్పి మాత్రలు మోతాదు మించినా మోగుతుందట. నాలుగు మాత్రల సంగతి చెబితే ఆ డాక్టరమ్మ నన్ను చూసిన చూపుకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. మానేశాను. చెవిలో వెల్లుల్లి నూనె పోసుకుంటున్నానని రంగనాయకి బయటపెట్టింది. దానికి కూడా చీవాట్లు.

దీన్ని ఒక్క మాత్రతో మాయం చేసే మందు లేదంది. చెవిమిషన్ పెట్టుకుంటే బయటి శబ్దాలు వచ్చి లోపలిది వెనక్కి తగ్గుతుందట. దానితో పోట్లాడేకొద్దీ పెరుగుతుందట, పట్టించుకోకపోవడం అలవాటు చేసుకోవాలట. చివర్లో ఇలా అంది: "ఇల్లు మరీ నిశ్శబ్దంగా పెట్టుకోవద్దు సార్. సన్నగా ఏదో ఒక సద్దు ఉండాల. ఫ్యానో, వాన చప్పుడో, శ్రుతిపెట్టో." నేను తల ఎత్తలేదు. రంగనాయకి కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది.

దీనితోపాటు ఇంకో కవరు పెట్టాను. లోకేశ్వరికి క్షమాపణ. నాలుగు పేజీలు. నీ చేతుల మీదుగా ఇచ్చెయ్యి తల్లీ. నీ పాట విషయం ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు రాయడానికి నాకు ముఖం లేదు.

అన్న


చిత్తూరు,
9 జూలై 2024

అన్నా,

నీ చెవి అరిగిపోయిందని చదివి ఏడుపొచ్చింది. మాత్రలు నేను చెప్పినవే కావడం ఇంకా బాధగా ఉంది. నువ్వు 'ఫోను వద్దు' అన్నప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. నేను నా తప్పు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

కానీ నీ నాలుగు పేజీలు తిప్పి పంపుతున్నాను. నేను చదవలేదు.

మొన్న ఆదివారం వడమాలపేట వెళ్ళి లోకేశ్వరిని చూశాను. ఇప్పుడు ఆమె దగ్గర ముగ్గురే పిల్లలు, అదీ ఆ ఊరివాళ్ళు. తిరుపతి పిల్లలు ఒక్కరూ రావడం లేదు. దూరం అనుకున్నాను. దూరం కాదు. నువ్వు సోదా చేశావు కదా, ఆ తల్లులు చూశారు కదా. ఇంటి ఓనరు బియ్యం డబ్బాలో, ట్రంకుపెట్టెలో వెతికితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? శబ్దం కోసం వెతికాడని ఎవరైనా అనుకుంటారా? సంగీతం టీచరు ఓనరింట్లో ఏదో తీసిందంట, అందుకే పంపించేసినారంట! మీ వీధి మొత్తం ఇదే మాట. ఆమెకు కొత్తగా ఇల్లు కూడా దొరకలేదు, అందుకే సొంతూరు. నీకు తెలియదు, ఎందుకంటే నీ ముందు ఎవరూ అనరు.

లోకేశ్వరి నీ మీద ఒక్క మాట అనలేదు. నేనే ఆమె కాళ్ళ మీద పడబోతే పట్టుకుని, "నువ్వు పాట ఆపొద్దు అక్కా" అంది. సుబ్బులమ్మ మాత్రం లోపలి గదిలోంచి రాలేదు.

నువ్వు పదిమంది ముందు ఆమె పరువు తీశావు. దాన్ని కవర్లో పెట్టి, నా చేత రహస్యంగా తిరిగిస్తానంటే ఎలా? పోయింది ఎక్కడో అక్కడే ఇవ్వాలి.

పెట్టె ఇవ్వబోయాను. తీసుకోలేదు. నాకూ మీట నొక్కడానికి చెయ్యి రావడం లేదు. గుడ్డ కప్పి పెట్టాను.

వల్లి


తిరుపతి,
16 జూలై 2024

వల్లీ,

నువ్వు రాసింది నిజమే. మునికుమార్‌ను నిలదీసి అడిగితే, "అవున్సార్, అందరూ అట్లే అనుకుంటాండారు. మీ బంగారమేదో పోయిందని" అన్నాడు.

నాకు చేతకావడం లేదమ్మా. చెవిమిషన్ తెచ్చుకున్నాను. జేబులోనే ఉంటోంది. గోష్ఠిలో మొదటి వరుసలో కూర్చుని ఎత్తుకునేవాణ్ణి, అది పెట్టుకుని పోతే రేపటి నుంచి రెండో వరుసకు జరగమంటారు. ఇంతకాలం పక్కవాడు స్వరం తప్పితే కళ్ళెర్రజేసిన మనిషిని. ఎనిమిది ఇళ్ళకు వెళ్ళి, శబ్దం నా తలలోదే, నేనే ఒక ఆడపిల్ల ఇల్లు వెతికాను అని చెబితే పిచ్చివాడంటారు. చెవిటివాడన్నా పిచ్చివాడన్నా పడతాను అని పొద్దున అనుకుంటాను. చొక్కా వేసుకుని వీధి మలుపు దాకా వెళతాను. ఎవరైనా "బాగున్నారా సార్" అంటే తిరిగొచ్చేస్తాను.

మీ వదిన దీనికి ఒక్కటే మాట అంది. "ఆ పొద్దు మిద్దె ఎక్కేటప్పుడు ఈ సిగ్గు యాడికి పోయింది?"

కొంచెం గడువివ్వు.

అన్న


చిత్తూరు,
20 జూలై 2024

అన్నా,

గడువు ఇవ్వడానికి నేనెవర్ని? అది లోకేశ్వరిని అడుగు.

ఈ ఉత్తరంతోపాటు బస్సులో ఒక పార్సిలు వస్తుంది. అంత వెతికావు కదా, దొరకలేదు కదా. ఇదిగో. ఎవరిదో వాళ్ళకు నీ చేత్తోనే ఇచ్చెయ్యి.

వల్లి


తిరుపతి,
5 ఆగస్టు 2024

చిరంజీవి వల్లికి,

పార్సిలు విప్పి పెట్టెను బల్ల మీద పెట్టాను. ఇంత చిన్నదా! నా రెండు చేతుల్లో పట్టింది. దీన్ని బియ్యం డబ్బాలో వెతికాను. వారం రోజులు అది నన్నూ నేను దాన్నీ చూసుకున్నాం. ఆదివారం పొద్దున చెవిమిషన్ పెట్టుకుని, పెట్టె సంచీలో వేసుకుని బయలుదేరాను. రంగనాయకి చెప్పులు వేసుకుని వెంట వచ్చింది. పిలవలేదు, తనే వచ్చింది.

ఎనిమిది ఇళ్ళు తిరిగాం. ప్రతి ఇంట్లోనూ పెట్టె బయటికి తీసి చూపించి ఒకటే చెప్పాను. "మా ఇంట్లో ఏదీ పోలేదు. నా చెవిలో మోగే శబ్దాన్ని ఈ పెట్టెదనుకొని లోకేశ్వరమ్మ ఇల్లు వెతికినాను. ఇది ఆ రోజు మా చెల్లెలింట్లో ఉన్నింది. తప్పు నాది." ఒకాయన నవ్వాడు. ఒకామె, "మేమెప్పుడు దొంగతనం అనినాము సార్?" అని నన్నే దబాయించింది. అంటే అన్నారన్నమాటే. ఒకామె లోపలికెళ్ళి కాయితం, కలం వెతికి తెచ్చుకుంది. వచ్చాక లోకేశ్వరి ఫోన్ నంబరు అడిగింది.

ఆరో ఇల్లు ధనంజయది. అతని మనవరాలు ఆ పాఠానికి వచ్చేదని నాకు ఆ రోజే తెలిసింది. నేను చెప్పడం అయ్యాక అతను పెళ్ళాం వైపు ఒకసారి చూసి, "నాకూ పదేండ్ల నుంచి మోగుతాండాది సార్. ఎవురికి చెప్తే ఏమంటారో అని ఇంట్లో కూడా చెప్పలా" అన్నాడు. దూది నేను తీయించిన చెవి అది. అతని పెళ్ళాం నోరు తెరుచుకుని చూస్తోంది. డాక్టరు పేరు రాసిచ్చి, బుధవారం నేనే వెంట తీసుకుపోతానని చెప్పాను. క్షమించమని అడిగితే అతను నా చెవిమిషన్ తీసి చూపించమన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి వడమాలపేట చేరాం. ముందుగదిలో ముగ్గురు పిల్లలకు పాఠం జరుగుతోంది. లోకేశ్వరి లేచి నిలబడింది. వాకిట్లోనే నిలబడి, పిల్లలు వింటుండగా, ఎనిమిది ఇళ్ళలో చెప్పిందే మళ్ళీ చెప్పాను. "అవన్నీ ఎందుకు సార్, లోపలికి రాండి" అంది ఆ పిల్ల. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను తట్టుకోలేకపోయాను.

అప్పుడు సుబ్బులమ్మ ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ బయటికొచ్చింది. నన్ను కూర్చోమనలేదు. మూత తెరిచి చీరలన్నీ నేల మీద కుమ్మరించింది.

"ఆ పొద్దు ఇట్లే పోసినావు," అంది. "మడిసి పెట్టి పోతివా?"

లేదు వల్లీ. పోసినవి పోసినట్టే వదిలేసి మిద్దె దిగాను. పెట్టె దొరకలేదన్న కోపంలో కాలితో పక్కకు కూడా జరిపాను. ఇన్ని ఉత్తరాల్లో ఆ సంగతి నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నేల మీద కూర్చుని మడతపెట్టాను. పదకొండు చీరలు. రంగనాయకి సాయం పట్టబోతే సుబ్బులమ్మ చేత్తో ఆపింది. నాకు చీర మడత రాదు. అంచులు కలవలేదు. మూడో చీర దగ్గర సుబ్బులమ్మ, "అట్ల కాదు, ఆ కొన పట్టు" అని రెండో కొన తను పట్టుకుంది. మిగతావి ఇద్దరం కలిసి మడిచాం. అయ్యాక మజ్జిగ ఇచ్చింది.

మిద్దె ఖాళీగానే ఉంది, మళ్ళీ రమ్మని అడిగాను. "రాలేను సార్, ఆ మెట్లెక్కితే మాయమ్మకు అదే గ్యాపకం వస్తాది" అంది లోకేశ్వరి. పొద్దున నా దగ్గర నంబరు తీసుకున్నామె మాత్రం అప్పటికే లోకేశ్వరికి ఫోన్ చేసిందట. ఇద్దరు పిల్లలు శనివారం నుంచి బస్సులో వడమాలపేటకు వస్తారు. మిగతా ఆరుగురి సంగతి తెలియదు. మళ్ళీ తిరుగుతాను.

పెట్టె ఇచ్చాను. ఆమె మీట నొక్కి పిల్లల ముందు పెట్టింది. నేను భయపడ్డాను. కానీ ఒక విచిత్రం జరిగింది. ఆ పెట్టె పలుకుతుంటే నా లోపలి 'ఈ' మెల్లగా దాని వెనక్కి జరిగి కూర్చుంది. పోలేదు, ఉంది, కానీ నన్ను పట్టించుకోవడం మానేసింది. అయిదు నెలల తర్వాత నా తల కాస్త తేలికైంది. ఏ శబ్దాన్ని ఇంట్లోంచి తరిమేశానో అదే ఆ పూట నాకు నీడ ఇచ్చింది. పాఠం అయ్యేదాకా ఆ వాకిట్లోనే కూర్చున్నాను, ఎవరూ లేచి పొమ్మనలేదు.

గోష్ఠికి చెవిమిషన్ పెట్టుకునే వెళ్ళాను. నన్ను ఎవరూ జరగమనలేదు, నేనే రెండో వరుసలో కూర్చున్నాను. ఎత్తుకోవడం పక్కాయనకు అప్పగించాను. ఇంట్లో సన్నగా ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. రంగనాయకి మాట్లాడుతోంది. ఎక్కువగా తిట్లే.

లోకేశ్వరి పెట్టెను మళ్ళీ నా సంచీలోనే పెట్టింది. "అక్కకు పాఠం ఇంకా అవలేదు సార్, పంపించండి" అంది. అందుకని బస్సులో తిరిగి పంపుతున్నాను. గుడ్డ కప్పకు.

ఇక ఆ మాట. నీ పద్నాలుగో ఏట నేను చెయ్యెత్తి ఆపిన రోజు నీ గొంతు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రావడం లేదు. నవ్విన బంధువులు గుర్తున్నారు, వాళ్ళు నా చెవిని మెచ్చుకోవడం గుర్తుంది. నీ పాట మాత్రం గుర్తులేదు. నేను అసలు విన్నానో లేదో!

చెవిమిషన్‌కు ఫోను కలపవచ్చట, డాక్టరమ్మ దగ్గర పనిచేసే అతను కలిపి ఇచ్చాడు. పెట్టె అందిన రోజు సాయంత్రం ఐదింటికి ఫోన్ చెయ్యి. మాట్లాడవద్దు, పెట్టె పెట్టుకుని పాడు. శ్రుతిలో ఉందో లేదో చెప్పే చెవి నాకిప్పుడు లేదు. వింటాను, అంతే.

మీ అన్న,
దేవనాథన్